ఈ వేసవికి నాలుగు అధ్యాయాలు

కోవూరు,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జి తల్లికి,

అమ్మ దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నాయన డ్యూటీకి పోయి ఇంకా రాలేదు. తమ్ముడు సెలవుల బైబిలు బడి (వి.బి.ఎస్.) పాటలు నేర్చుకుంటూ చర్చిలోనే ఉన్నాడు. ఎండ మాత్రం చెప్పలేను. పదకొండు దాటితే వీధిలో మనిషి కనపడటం లేదు.

మొన్న నువ్వు ఫోన్లో చెప్పిందే నా మనసులో తిరుగుతోంది. పరీక్షలయ్యాక ఇంటికొచ్చి ఉండే ఆరు వారాల్లో ఏమేం చెయ్యాలో కాగితం మీద రాసుకున్నానన్నావు. స్పోకెన్ ఇంగ్లీషు, కంప్యూటర్ సర్టిఫికెట్, పది పుస్తకాలు, నలభై రోజుల్లో బైబిలంతా. ఆ చివరిది చెప్పేటప్పుడు నీ గొంతు మారింది. పోయినసారి యాప్‌లో పెట్టుకుంటే పదకొండో రోజు తప్పిపోయింది, అప్పట్నుంచి బైబిలు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉందమ్మా అన్నావు. నాకేం తోచక, ‘ప్రార్థన చేసుకో తల్లీ’ అని పెట్టేశాను. బిడ్డ అంత మాట చెప్పుకుంటే అమ్మ ఇవ్వాల్సిన జవాబు అది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. నలభై రోజులంటే రోజుకు ముప్పై దాకా పడతాయి. అలా చదివేవాళ్ళున్నారు, వాళ్ళకు మేలే జరుగుతుంది. కానీ నీకు అది ఇంకో పరీక్ష అయిపోయింది. నువ్వు నా మాట విని ఈ వేసవికి నాలుగే అధ్యాయాలు చదువు. రూతు గ్రంథం. 85 వచనాలు. ఆరు వారాలూ అదే.

రూతే ఎందుకంటావా? అమ్మమ్మ బైబిలు వెన్ను ఊడిపోయింది కదా, పెట్టెలో చీరలో చుట్టి పెట్టింది. దాన్ని ఇప్పుడు బైండింగ్ చేస్తున్నాను. పాత జిగురంతా తడిగుడ్డతో నానబెట్టి, బ్లేడుతో మెల్లగా గీకి, ఫారాలు, అంటే కలిపి కుట్టిన కాగితాల మడతలు, విడదీసి వరసగా పరిచాను. అప్పుడు చూశాను. మిగతా పేజీల అంచులు గోధుమ రంగులో ఉన్నాయి. రూతు ఉన్న రెండు మూడు ఆకులు మాత్రం పసుప్పచ్చగా ఉన్నాయి. వంట చేస్తూ చేస్తూ పసుపు చేత్తోనే తిప్పి ఉంటుంది. రెండో అధ్యాయంలో ‘పరిగె’ అనే మాట దగ్గర, వేలు పెట్టి పెట్టి అక్షరం సగం అరిగిపోయింది. ఆ పేజీ చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

అమ్మమ్మకు నలభై ఏళ్ళు దాటేదాకా అక్షరం ముక్క రాదు. పాస్టరమ్మగారు సాయంత్రాలు పలక పెట్టి నేర్పించారు. అక్షరాలు కూడబలుక్కుని చదివేది. ఒక్క వచనానికి అరగంట పట్టేది. ‘పరిగె’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కూడబలుక్కోవాల్సిన పని లేకపోయింది. ఆ మాట ఆమెకు నడుం నొప్పితో సహా తెలుసు. మాగాణి కోతలయ్యాక ఆడవాళ్ళూ పిల్లలూ గంపలు పట్టుకుని మళ్ళలోకి పోయేవాళ్ళు. కొయ్యకాళ్ళు అరికాళ్ళలో గుచ్చుకుంటుంటే, రాలిన వెన్నులు ఒక్కొక్కటే ఏరుకునేవాళ్ళు. అదే పరిగె. పొద్దుగూకేదాకా వంగితే రెండు మూడు శేర్ల వడ్లు వచ్చేవట. కోత మిషన్లు వచ్చాక ఆ మాటే పోయింది. నీకు తెలియకపోవడం నీ తప్పు కాదు.

కొందరు ఆసాములు పరిగె ఏరుకోవడానికి వచ్చినవాళ్ళను అదిలించేవాళ్ళట. ఒకాయన మాత్రం కూలోళ్ళతో, ‘పనలు కట్టేటప్పుడు మరీ ఊడ్చెయ్యబాకండ్రా’ అనేవాడట. అమ్మమ్మ ఆయన్ని చచ్చిపోయేదాకా తలుచుకుంది. రూతు అనే పేద విధవరాలు పరిగె ఏరుకోవడానికి పోయిన పొలం ఆసామి బోయజు చేసిందీ అదే. కొన్ని పిడికిళ్ళు కావాలనే పడేయండి, ఆమెను గద్దించకండి అని పనివాళ్ళకు చెప్తాడు. దానం అని చేతిలో పెట్టలేదు. ఆమె కష్టం ఆమెదిగానే ఉండనిచ్చాడు. ఆ సాయంత్రం రూతు దుళ్ళగొడితే దాదాపు తూమెడు యవలయ్యాయి. ఇంటికి పోతూ ఆ అమ్మాయి, ఇవాళ నాకు ఇన్ని ఎలా దొరికాయబ్బా అనుకుని ఉంటుంది. ఇది వ్యాఖ్యానాల్లో ఉందో లేదో గానీ, అమ్మమ్మ మాత్రం అలాగే చెప్పేది.

చదివిన తర్వాత ఆమె ఏం చేసిందో నీకు చెప్పాలి. అప్పటికే ఆకుకూరలు అమ్మేది. కట్ట అమ్మినాక గంపలోంచి ఇంకో గుప్పెడు తీసి కొసరు వేసేది. అడిగినవాళ్ళకు అందరూ వేస్తారు. ఈమె అడగనివాళ్ళకు, అదీ వాళ్ళు డబ్బులు తీసుకోవడానికి కొంగుముడి విప్పుకునేటప్పుడు, చూడకుండా వేసేది. ‘ఎందుకమ్మా, మనకే చాలడం లేదు’ అని నేను విసుక్కుంటే, ‘ఇంటికి పోయి చూసుకోనీలే’ అనేది. ఆమె సాక్ష్యం చెప్పడానికి చర్చిలో ఒక్కరోజు కూడా లేచి నిలబడలేదు. నాకు తెలిసిన విశ్వాసం చాలావరకు ఆ గంపలోంచి వచ్చిందే.

అమ్మమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పొచ్చు. తర్వాత నాలుగు నెలలు నేను ప్రార్థన చేయలేకపోయాను. కుటుంబ ప్రార్థనలో నాయన చేస్తుంటే కళ్ళు మూసుకునేదాన్ని, లోపల ఏమీ ఉండేది కాదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనపడేవి, అంతే. ఆ రోజుల్లో చొక్కాలకు కాజాలు కుట్టే పని ఒప్పుకున్నాను. రోజుకు ముప్పై నలభై. కత్తిరించిన చీలిక చుట్టూ దారం దగ్గర దగ్గరగా వేస్తూ, ప్రతి కుట్టుకూ ముడి బిగిస్తూ పోవాలి. కన్ను పక్కకు పోతే అంచు పీకిపోతుంది. దేవుణ్ణి ఏమీ అడగలేదు, ఆయనతో ఏమీ చెప్పలేదు. ఒకరోజు సాయంత్రం కరెంటు పోతే, వాకిట్లో కూర్చుని కుడుతున్నాను. కాసేపటికి నేను చర్చి పాట కూనిరాగం తీస్తున్నానని నాకే తెలిసింది. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు. ‘ఊరకుండుడి’ అని 46వ కీర్తనలో ఉన్న మాటకు అర్థం ఆ రోజు నా వేళ్ళకు తెలిసింది.

కాబట్టి చదవడంతో పాటు చేతికి ఒక పని పెట్టుకో. నీకు ఇష్టమైనదే. క్రోషా మొదలుపెట్టి వదిలేశావు, అది ఉంది. మల్లె కొమ్మలు నాటుకుంటావా, నాటుకో. నాతో బైండింగ్‌కు కూర్చున్నా సరే. పోయినేడాది నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి కట్ట కట్టి ఉంచాను. దబ్బనంతో కుడితే తమ్ముడికి నాలుగు రఫ్ పుస్తకాలవుతాయి. మైదా జిగురు ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. దాన్ని మాత్రం నేనే వేస్తాను, అది విషం. చేతులు పనిలో ఉంటే ఫోను వైపు పోవు. పొద్దున చదివిన వచనం మధ్యాహ్నం దాకా లోపల నానుతూ ఉంటుంది.

పది పుస్తకాల్లో ఒకటో రెండో తెచ్చుకో. కథలైనా సరే, నీ సైన్సు పుస్తకాలైనా సరే. బైబిలు తప్ప వేరేవి చదవకూడదనే ఇల్లు కాదు మనది. చిన్నప్పుడు నాయన నిన్ను వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్ళాడు, గుర్తుందా? గాంధీగారి చేతికర్ర చూపించాడు. 1918లో పెట్టిన లైబ్రరీ అది. నీకు కర్ర నచ్చలేదు. కిటికీ దగ్గర ఒక తాతగారు పాత పేపరు చదువుతుంటే ఆయన్నే చూస్తూ నిలబడ్డావట. ‘ఆ తాత అసలు కదలడం లేదు నాయనా’ అన్నావట. అలా కదలకుండా చదవగలిగితే ఏ పుస్తకమైనా మంచిదే.

శనివారం పినాకిని రైలుకు వస్తున్నావు కదా. ఒంగోలులో బండి ఆగినప్పుడు ప్రార్థన కొండను తలుచుకో. 1854 జనవరి ఒకటిన, తెల్లవారేటప్పుడు, నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ నుంచి వెళ్ళిన జూయెట్ దొరగారు, ఆయన భార్య, ఇక్కడివాళ్ళు ముగ్గురు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో ఒకామె పేరు రూతు. నెల్లూరులో పని మొదలై అప్పటికి పద్నాలుగేళ్ళవుతున్నా పెద్దగా ఫలం లేదు, మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో మాటలు కూడా జరిగాయి. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని వాళ్ళు అడిగారు. ఆ మనిషి, క్లౌ దొరగారు, అక్కడికి వచ్చింది 1866లో. మనవాళ్ళు ఎప్పుడూ 1878లో గుండ్లకమ్మలో ఒకేరోజు 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతే చెప్తారు. గొప్ప సంగతే. నాకు మాత్రం ఆ ప్రార్థనకూ క్లౌ దొరగారు రావడానికీ మధ్యలోని పన్నెండేళ్ళు గుర్తొస్తాయి. ఆ రూతమ్మ అన్నేళ్ళూ పొద్దున్నే లేచి ఇల్లు ఊడ్చుకుని, వంట చేసుకుని, ఆ కొండను తలుచుకుని ఉంటుంది. ఎన్నో రోజు అని ఎవరూ లెక్క పెట్టి ఉండరు. నీ పదకొండో రోజు గురించి కూడా దేవుడు లెక్క పెట్టుకుని కూర్చోలేదు తల్లీ.

వచ్చేటప్పుడు విజయవాడలో బైండింగ్ షాపులో అరమీటరు కాలికో గుడ్డ తీసుకురా. ముదురు రంగుది, నీలమైనా సరే. వెన్నుకు లోపల అమ్మమ్మ చీర కొంగు ముక్క అంటించాను, పైన వేయడానికి గుడ్డ లేదు. పుస్తకం మీద సన్నికల్లు పెట్టి ఉంచాను. నువ్వొచ్చాక ఇద్దరం కలిసి తీద్దాం.

మీ అమ్మ