పడకలకే కాదు, పరిశోధనకూ దానమివ్వండి

సంపాదకులకు,

మధుమేహం వచ్చిన పంతొమ్మిదేళ్లకు మా అమ్మ మూత్రపిండాలు పాడయ్యాయి. చివరి మూడేళ్లు డయాలసిస్ మీదే గడిపింది. అందుకే ఈ విన్నపం. ఆసుపత్రికి యంత్రం కొనిచ్చే దాతలకు నమస్కరిస్తాను. కానీ యంత్రం కొన్నేళ్లకు పాతబడుతుంది. మూలధనాన్ని కదపకుండా దాని రాబడితో నడిచే పరిశోధక ఆచార్య పదవి తరాలపాటు నిలుస్తుంది. దీర్ఘకాలిక వ్యాధులను అర్థం చేసుకోవాలంటే రోగులను ఏళ్ల తరబడి వెన్నంటి గమనించాలి. రెండు మూడేళ్ల గ్రాంటుతో అది సాగే పని కాదు. బ్రిటన్‌లో 1961లో ఏర్పడిన బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ ప్రజల విరాళాలతో గుండె పరిశోధనకు ఆచార్య పదవులను పోషిస్తోంది. మూత్రపిండాలకూ అలాంటి అండ కావాలి. అయితే ఎవరిని నియమించాలో, ఏ ఫలితాన్ని ప్రచురించాలో దాత నిర్ణయించకూడదు. ఆ మాట ఒప్పందంలోనే రాసుకోవాలి.

– ఒక పాఠకురాలు