నరం నుంచి కండరానికి దాటేది కరెంటు కాదు

సంపాదకులకు,

మీ సైన్స్ పేజీలో నాడీవ్యవస్థపై వచ్చిన వ్యాసంలో, నరం కొస నుంచి కండరంలోకి విద్యుత్తు దూకుతుందని రాశారు. మన కండరాల విషయంలో ఇది తప్పు. నరం కొస చాలా సన్నం, కండర తంతువు దానికన్నా ఎన్నో రెట్లు లావు, మధ్య సుమారు 50 నానోమీటర్ల ఖాళీ. కొసలో పుట్టే కరెంటు తంతువును కదిలించడానికి చాలదు. దాటేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం.

అది ఎలా విడుదలవుతుందో తేల్చినవారు బెర్నార్డ్ కాట్జ్. 1911లో లైప్‌జిగ్‌లో పుట్టిన ఈ యూదు శాస్త్రవేత్త 1935లో జర్మనీ వదిలి లండన్ చేరారు. 1950ల మొదట్లో పాల్ ఫ్యాట్‌తో కలిసి, అర మైక్రాన్ కన్నా సన్నని మొన ఉన్న గాజు గొట్టంలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం నింపి, కప్ప కండరంలో నరం ఆనే చోట గుచ్చి చూశారు. నరాన్ని ప్రేరేపించకుండానే అర మిల్లీవోల్టు స్థాయి స్పందనలు వచ్చాయి. గుచ్చిన గాయం వల్ల వచ్చాయేమోనన్న అనుమానం న్యాయమైనదే. కానీ అదే తంతువులో మొనను కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిపితే అవి కనిపించలేదు. అంటే అవి గాయం వల్ల కాదు, నరం ఆనే చోటే పుడుతున్నాయి. ఒక్కో చిన్న స్పందన వెనుక నరం కొస నుంచి ఒకేసారి విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ ముద్ద, అంటే ఒక ‘పొట్లం’, ఉంటుంది.

మామూలు ద్రవంలో నరాన్ని ప్రేరేపిస్తే కండరం ముడుచుకుని మొన ఊడిపోతుంది. అందుకే మరో సహచరుడు దెల్ కాస్టిల్యోతో చేసిన ప్రయోగాల్లో, రసాయనం తక్కువగా విడుదలయ్యేలా ద్రవంలో కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచారు. అప్పుడు స్పందన ఒక పొట్లం, రెండు పొట్లాలు అన్నట్టు మెట్లుగా వచ్చింది. కొన్నిసార్లు అసలు రాలేదు. రసాయనం పొట్లాలుగానే వస్తుందనడానికి, నా దృష్టిలో ఆ రాని సార్లే గట్టి సాక్ష్యం. సగటున ప్రేరణకు ఒక పొట్లం విడుదలైతే, పాయిజాన్ లెక్క (అరుదైన ఘటనలు ఎన్నిసార్లు జరుగుతాయో చెప్పే సంభావ్యతా సూత్రం) ప్రకారం 100 ప్రేరణల్లో సుమారు 37 ఖాళీగా పోవాలి, 37 సార్లు ఒక పొట్లం, 18 సార్లు రెండు పొట్లాలు రావాలి. ఇలాంటి లెక్కలు ప్రయోగాలతో సరిపోయాయి. 1970 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది.

ఇది మన పల్లెలకు పనికొచ్చే విషయం కూడా. నాగుపాము విషం కండరం వైపు ఈ రసాయనాన్ని అందుకునే గ్రాహకాలను మూసేస్తుంది. ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును నియోస్టిగ్మిన్ అనే మందు ఆపుతుంది కాబట్టి, రసాయనం పోగై కొంత మేలు జరగవచ్చు. కట్లపాము విషం ప్రధానంగా నరం కొసనే దెబ్బతీస్తుంది, పొట్లాలే విడుదల కావు, కాబట్టి అదే మందు అంతగా పనిచేయదు. దెబ్బతిన్న కొసను యాంటీవెనమ్ బాగుచేయలేదు. అది తిరిగి కోలుకునేదాకా రోజుల తరబడి వెంటిలేటర్ అవసరం కావచ్చు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు గనుక చాలామంది తెల్లారేదాకా ఆగుతారు. మీరు వేసే సవరణలో, రాత్రి కాటు అనుమానం వస్తే అప్పటికప్పుడే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలని కూడా రాయండి.

— ఫిజియాలజీ అధ్యాపకుడు, గుంటూరు