బ్రాడీపేట జిరాక్స్ షాపు బాబాయిగారికి

బాబాయిగారూ, ఆ హడావిడిలో మీ పేరు కూడా అడగలేదు. మే నెల మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుకుంటూ వచ్చిన జంట మేమే.

మా ఆవిడ గుంటూరులో బీఫార్మసీ చదివి ఆరేళ్లు పనిచేసింది. పెళ్లయి కెనడా వచ్చాక సూపర్‌మార్కెట్‌లో బిల్లులు కొడుతోంది. అక్కడ ఫార్మసిస్టు కావాలంటే ముందు ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డు ఆఫ్ కెనడా వాళ్లు మన చదువు కాగితాలు ఒప్పుకోవాలి. పరీక్షలు, ప్రావిన్సు లైసెన్సు ఆ తర్వాతే. ఆ కాగితాల కోసమే సెలవు పెట్టి వచ్చాం. ఆఫీసుల చుట్టూ తిరిగిన సంగతి వదిలేయండి, అందరికీ తెలిసిందే.

కాపీలు తీస్తూ మీరు ఆగారు. "అమ్మాయ్, మార్కుల లిస్టులో ఒక ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంకొకటి. రెండూ నువ్వేనని వాళ్లకెలా తెలుస్తుంది?"

గుండె జారిపోయింది. రాత్రికే మా ప్రయాణం. నెలల తరబడి చూసిన కాగితాల్లో మా కంటికి ఆనలేదు చూడండి!

మీరే అఫిడవిట్ టైపు చేశారు. పేరులో ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి తనతో చదివించారు. షట్టరు సగం దించి నోటరీ దాకా నడిపించారు. సీలు ఇంకు ఆరేదాకా భుజం మీది తువ్వాలుతో విసిరారు. ఇంతా చేసి జిరాక్సులకి 40 రూపాయలే తీసుకున్నారు.

మొన్న బోర్డు నుంచి మెయిల్ వచ్చింది, కాగితాలు ఒప్పుకున్నారట. తను పరీక్షకి చదువుతోంది, వంట నాది. ఈసారి వచ్చినప్పుడు మీ షాపు ముందు టీ నేనే ఇప్పిస్తాను, కాదనకండి.