గల్ఫ్ పని తేదీ ఇంకా తేలలేదు, మీ మోటార్లకు మాత్రం ఇబ్బంది రానివ్వను

మిర్యాలగూడలో కాలిన మోటార్లకు కొత్త వైరు చుట్టే మా వైండింగ్ షాపుకు మోటార్లు తెచ్చే రైతులకూ, మిల్లుల వాళ్ళకూ నమస్కారం.

"నువ్వు గల్ఫ్ పోతున్నవా, ఉంటున్నవా? మోటార్ నీ దగ్గర ఇయ్యాల్నా వద్దా?" అని చాలామంది అడుగుతున్నారు. నేను వెళ్ళిపోయాననుకుని కొందరు మోటార్లు నల్లగొండకు తీసుకుపోతున్నారని కూడా విన్నాను. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

వచ్చిన పని సౌదీలో ఒక పెద్ద ప్లాంటు షట్‌డౌన్. అలాంటి ప్లాంట్లను కొన్నేళ్ళకోసారి ఆపేసి, పంపులు, మోటార్లు, వాల్వులు అన్నీ విప్పి బాగుచేసి మళ్ళీ నడుపుతారు. ఆ కొద్ది వారాలకే ఫిట్టర్లు, వెల్డర్లు, బరువులు ఎత్తి దించే రిగ్గర్లు, నాలాంటి వైండర్లు పెద్ద సంఖ్యలో కావాలి. నన్ను ఎంపిక చేశారు. చేతిపని పరీక్ష అయింది, మెడికల్ అయింది. వీసా రాలేదు, తేదీ రాలేదు. ప్లాంటు వాళ్ళు ఆపే తేదీ మారిస్తే కాంట్రాక్టర్ తేదీ మారుతుంది, అది మారితే ఏజెంటు నాకు చెప్పే మాట మారుతుంది. ఇప్పటికే వాయిదా పడుతూ వస్తోంది. రేపే ఫోన్ రావచ్చు, అసలు రాకపోవచ్చు. మెడికల్ సర్టిఫికెట్‌కూ గడువు ఉంటుంది కాబట్టి, ఆలస్యమైతే అది మళ్ళీ చేయించుకోవాలి.

ఎందుకు పోవాలనుకుంటున్నానో కూడా మీకు తెలియాలి. మన దగ్గర డబ్బు సీజన్‌ను బట్టి తిరుగుతుంది. రైతుకు వడ్ల పైసలు పడితేనే నాకు వస్తాయి, మిల్లుకు బిల్లులు వస్తేనే నాకు వస్తాయి. కాపర్ వైరు మాత్రం నేను నగదుకే కొనాలి, దాని ధర ఎప్పుడు ఎంతుంటుందో చెప్పలేం. ఉద్దెర ఇవ్వడం మానేస్తే షాపు నడుస్తుంది కానీ, ఎండుతున్న పొలం ముందు నిలబడ్డ మనిషిని పైసలు తెచ్చాకే రమ్మని నేను అనలేను. ఒక షట్‌డౌన్ పని చేసి వస్తే కాపర్ స్టాకు నా సొంత డబ్బుతో పెట్టుకోగలను. పోవాలనుకోవడానికి ఇంకో కారణం లేదు.

ఇబ్బంది కాలంతోనే. గల్ఫ్‌లో ఇలాంటి పనులు ఎండ తక్కువున్న నెలల్లోనే ఎక్కువ పెడతారు. ఇక్కడ మనకు ఆ నెలల్లోనే వానాకాలం వడ్లు మిల్లుకొస్తాయి, బాయిలర్ ఫ్యాన్లు, ఎలివేటర్లు, డ్రయ్యర్లు రాత్రింబవళ్ళు తిరుగుతాయి. వెంటనే యాసంగి నాట్లు. సాగర్‌లో నీళ్ళు తక్కువున్న ఏడాది ఎడమ కాలువ కింద కూడా అందరూ బోరు మీదే పడతారు. ఫిబ్రవరి దాటితే నీళ్ళు కిందికి పోతాయి, మోటార్లు కాలడం మొదలవుతుంది. నేను పోవాల్సి వస్తే సరిగ్గా ఆ సమయంలోనే పోవాల్సి రావచ్చు.

అందుకని ఇప్పటినుంచే పని పద్ధతి మార్చాను. వారం లోపు పూర్తి చేసి అప్పగించగలిగిన మోటారే విప్పుతున్నాను. షాపులో ఏకకాలంలో ఎక్కువ మోటార్లు విప్పి పెట్టడం లేదు, కాబట్టి కొన్ని రోజులు మీకు "రేపు తీసుకురండి" అనే మాట వినపడుతుంది, దయచేసి ఏమనుకోవద్దు. మిల్లుల సీజన్ కాంట్రాక్టు ఈసారి తీసుకోలేదు, అడ్వాన్సు కూడా ఎవరి దగ్గరా తీసుకోలేదు. చేసిన పనికే బిల్లు. ఏజెంటుకు కూడా ముందే చెప్పాను: టికెట్‌కు ముందు పది రోజుల గడువు ఇవ్వాలి, హైదరాబాద్ వచ్చి కూర్చుని ఎదురుచూడమంటే నా వల్ల కాదు అని. ఒప్పుకున్నారు.

నేను లేనప్పుడు షాపు మా తమ్ముడు చూస్తాడు. బోరు మోటార్లలో అతని చేయి నా చేయి ఒకటే, ఆ మాట నమ్మకంగా చెబుతున్నాను. మిల్లుల పెద్ద మోటార్లు మాత్రం అతను ఒక్కడే చేయడు, వాటికి పట్టణంలోనే ఇంకో వైండర్‌తో మాట్లాడి పెట్టాను.

ఈ మార్పుల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది డేటా చీటీ. ప్రతి మోటారుకూ ఇక నుంచి ఒక చీటీ ఇస్తున్నాను. వైరు కూర్చే గాళ్ళు (స్లాట్లు) ఎన్ని, కాయిల్‌కు చుట్లు (టర్న్‌లు) ఎన్ని, వైరు మందం (గేజ్) ఎంత, ఒక్కో కాయిల్ ఎన్ని స్లాట్ల దూరం పోతుంది (పిచ్), వైర్లు కలిపిన తీరు స్టారా డెల్టానా, అన్నీ అందులో ఉంటాయి. మా వృత్తిలో ఈ లెక్క కస్టమరుకు ఇచ్చే అలవాటు తక్కువ. ఎందుకంటే లెక్క ఎవరి దగ్గర ఉంటే మోటారు మళ్ళీ వాళ్ళ దగ్గరికే వస్తుంది. కానీ మోటారు మీది, దాని లెక్క కూడా మీదే కావాలి. టర్న్‌లు తగ్గితే మోటారు ఖాళీగా తిరిగినా ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, ఎక్కువైతే బలం తగ్గుతుంది. పాత కాయిల్ లెక్కపెట్టకుండా కోసి పారేస్తే ఆ లెక్క పోయినట్టే. చీటీ ఉంటే మీరు ఏ షాపుకు పోయినా అదే మోటారు అదే తీరుగా తయారవుతుంది. దాన్ని స్టార్టర్ డబ్బా లోపల అంటించుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మీరు ఇంకో దగ్గర చేయించుకుంటే మంటలో పెట్టి పాత వైరు కాల్చవద్దని మాత్రం చెప్పండి. అలా కాలిస్తే మోటారు లోపలి ఇనుప కోర్ రేకుల మధ్య ఉన్న పూత పోయి, కొత్త వైరు ఎంత బాగా చుట్టినా మోటారు వేడెక్కుతూనే ఉంటుంది.

అసలు కాలకుండా చూసుకోగలిగితే నేను ఉన్నా లేకున్నా ఒకటే. మా దగ్గరకు వచ్చే బోరు మోటార్లలో ఎక్కువ భాగం రెండే కారణాలతో కాలుతున్నాయి. ఒకటి, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు ఆగకుండా మిగతా రెండింటి మీద తిరగడం. దానికి ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉంది, మోటారు రీవైండింగ్ ఖర్చుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. రెండు, బోరులో నీళ్ళు అయిపోయినా నడవడం. బోరు లోపల మునిగి ఉండే సబ్‌మర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ పారే నీళ్ళే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు, చాలామంది తీయలేదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ మోటారు తనంతట తను మొదలైతే, ఆ సమయంలో బోరులో నీళ్ళున్నాయో లేవో చూసేవాళ్ళు ఉండరు. మోటారు బాగున్న రోజున అమ్మీటర్ ఎన్ని ఆంపియర్లు చూపిస్తుందో డబ్బా మీద రాసి పెట్టుకోండి. అంతకన్నా బాగా తగ్గితే నీళ్ళు అందడం లేదని, పెరుగుతూ పోతే బుష్షో, బేరింగో పట్టేస్తోందనో, వోల్టేజీ సరిగా లేదనో అనుకుని ఆపేయండి. అప్పుడు తెస్తే చిన్న పనితో పోతుంది.

ఇంకో మాట. నా సంగతి తెలిసి కొందరు తమ పిల్లలను కూడా గల్ఫ్ పంపుతామని అడుగుతున్నారు. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో విదేశాలకు పనికి పోయేవాళ్ళ కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ సైటులో చూడండి. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి అడగడానికి లేదు. విజిట్ వీసా మీద పంపి అక్కడ పని ఇప్పిస్తామంటే అక్కడితో మాట ఆపేయండి. పదో తరగతి పాస్ కాని పిల్లల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయర్డ్) అని ఉంటుంది, వాళ్ళు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్ళకు 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి, అది తప్పక చేయించండి. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశాల్లో ఉద్యోగాలకు పంపుతుంది, ముందు అక్కడ అడిగి చూడమని నా సలహా. నేను కూడా వీసా కాగితం చేతికి వచ్చేదాకా ఎవరికీ పైసా ఇవ్వను.

తేదీ ఖాయమైన రోజే షాపు ముందు బోర్డు పెడతాను, మిల్లుల వాళ్ళకు స్వయంగా ఫోన్ చేస్తాను. పోయిన యాసంగి నుంచి తీసుకుపోని మోటార్లు కొన్ని షాపులో ఉన్నాయి. వేములపల్లి, త్రిపురారం, దామరచర్ల వైపువే ఎక్కువ. అన్నీ పూర్తయ్యాయి, నడిపి చూసి పెట్టాను. నాట్లు మొదలయ్యే లోపు వచ్చి తీసుకుపోండి. డబ్బులు లేవని ఆగవద్దు, మోటారు తీసుకుపోయి, వడ్లు అమ్మినాక ఇవ్వండి.