ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధాన కార్యదర్శి గారికి,

1948లో ఆమోదం పొందిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 21వ అధికరణం, ప్రజల సంకల్పమే ప్రభుత్వాధికారానికి ఆధారమని చెబుతూ, తన దేశ పాలనలో నేరుగా గానీ, స్వేచ్ఛగా ఎన్నుకున్న ప్రతినిధుల ద్వారా గానీ పాల్గొనే హక్కు ప్రతి మనిషికీ ఉందని స్పష్టం చేసింది. ఆ ‘నేరుగా’ అన్న మాటను ప్రభుత్వాలు దాదాపు మరచిపోయాయన్నదే నా బాధ.

ఓటు వేసిన రోజున తానే యజమానినని భావించిన మనిషి, మర్నాటి నుంచి అర్జీ పట్టుకుని వరుసలో నిలబడేవాడిగా మిగిలిపోతున్నాడు. అతనికి ప్రజాస్వామ్యం మీదే కోపమనుకోవడం పొరపాటు. తన మాట ఎవరి చెవికీ చేరలేదన్న నొప్పి అది. పోలింగుకు దూరమైనవారిని బాధ్యత లేనివారని నిందించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వేరే దారి లేదని అనలేము. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరంలో 1989 నుంచి ప్రజలు వాడల వారీగా సమావేశమై బడ్జెట్ ప్రాధాన్యాలను చర్చించారు. ఐర్లండ్‌లో 2016లో ఏర్పడిన పౌరసభలో, యాదృచ్ఛికంగా ఎంపికైన 99 మంది సామాన్యులు నిపుణుల వాదనలు విని, తమలో తాము తర్కించుకుని, గర్భస్రావ చట్టంపై చేసిన సిఫారసులు 2018 నాటి ప్రజాభిప్రాయ సేకరణకు దారితీశాయి. తీరిక, సమాచారం, గౌరవం ఇస్తే సామాన్యులు ఎంత క్లిష్టమైన విషయాన్నయినా మోయగలరని నేను మనసారా నమ్ముతున్నాను.

సెప్టెంబరు 15న అంతర్జాతీయ ప్రజాస్వామ్య దినోత్సవ సందర్భంగా, ఒక ఎన్నికకూ మరో ఎన్నికకూ మధ్య పౌరుల మాట వినడానికి ఏ ఏర్పాటు చేశారో చెప్పవలసిందిగా సభ్యదేశాలను కోరండి. వారి సమాధానాలను అందరూ చదివేలా ప్రచురించండి.

భవదీయుడు,
ఒక ఓటరు