ఒక్కో కథా, పది కథల పుస్తకమా?

మిత్రులకు నమస్కారం. నిన్న రాత్రి ఇద్దరు ఒకే మాట అడిగారు: కథల్ని ఈబుక్‌గా విడివిడిగా అమ్మాలా, కలిపి అమ్మాలా అని. కలిపే అమ్మండి. తమ కథల్ని ఇంగ్లీషులోకి మార్చుకుని అమెరికా కిండిల్‌లో (అమెజాన్ వాళ్ల ఈబుక్ దుకాణం) పెట్టాలనుకునేవాళ్లు ఈ లెక్క చూడండి. ఒక్క కథకి 0.99 డాలర్లు పెడితే మనకొచ్చేది 35 శాతమే, అంటే 35 సెంట్లు. పది కథలు కలిపి 2.99 పెడితే 70 శాతం రేటు ఎంచుకోవచ్చు. ఫైలు సైజును బట్టి కాస్త కోసుకున్నా దాదాపు రెండు డాలర్లు మిగులుతాయి.

తెలుగు కథలకు అసలు తలనొప్పి డబ్బు కాదు, ఫైలు. అనూ ఫాంట్లలో డీటీపీ చేయించినది నేరుగా పనికిరాదు, అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ప్రతి పేజీ చదవాలి. నేను చదవకుండా పెట్టేశాను. వత్తులు ఎగిరిపోయి ‘అమ్మమ్మ’ కాస్తా ‘అమమ’ అయింది! మొదట కొన్నది మా అక్కే కాబట్టి పరువు దక్కింది. పీడీఎఫ్ వద్దు, ఫోన్లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. తెర సైజుకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈపబ్ ఫైలు చేయించండి. ఫాంటు కావాలంటే ‘మండలి’ ఉచితమే.

ఇంకోటి, పత్రికలో వచ్చిన కథైతే ఈబుక్ హక్కులు మీ దగ్గరే ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. పుస్తకం గుర్తింపు నంబరు, అంటే ఐఎస్‌బీఎన్, మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దానికోసం ఎవరికీ డబ్బు కట్టొద్దు.

శనివారంలోగా ఫైళ్లు పంపితే చూసిపెడతాను. కవర్ల సంగతి మాత్రం నన్ను అడక్కండి.