ఫోనుతో నడిచే స్టార్టరు గురించి అమ్మాయికి ఉత్తరం

జనగామ

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితం రెండుసార్లు చదివాను. బోరు మోటారును ఫోనుతోనే వేసి, ఆపేలా మీరు తయారు చేస్తున్న స్టార్టరును రైతు ఎందుకు కొనాలో చెప్పడానికి ‘వాల్యూ ప్రపోజిషన్’ అనే పేరుతో రాసిన మొదటి వాక్యంలో క్లౌడు, సెన్సారు, స్మార్టు సేద్యం అన్నీ ఉన్నాయి గాని, రైతు ఎక్కడా కనిపించలేదు. ఇరవై ఏళ్లకు పైగా మోటార్లు, స్టార్టర్లు అమ్మినవాడిగా నాకు తోచినది రాస్తున్నాను, నొచ్చుకోకు.

ముందుగా కరెంటు బిల్లు ఆదా అవుతుందన్న వాక్యం కొట్టేయి. మన దగ్గర 2004 నుంచి సాగు కరెంటు ఉచితం. కట్టని బిల్లులో ఆదా చూపిస్తే ఎవరు డబ్బు తీస్తారు? ఆ లెక్క పట్నంలో ఇంటి మీటరు చూసి వేసినట్టుంది.

మామూలు స్టార్టరులో కరెంటు పోగానే కాయిలు పట్టు వదిలేస్తుంది, మళ్లీ వచ్చాక ఎవరో ఒకరు పచ్చ బటను నొక్కితే తప్ప మోటారు తిరగదు. త్రీఫేజు కరెంటు అర్ధరాత్రి వచ్చి తెల్లవారకముందే పోయే రోజుల్లో, ఆ ఒక్క బటను కోసం రైతు టార్చిలైటు పట్టుకుని, పాములకూ తడి చేతికి కొట్టే షాకుకూ భయపడుతూ గట్ల వెంట పోవలసి వచ్చేది. అందుకే కరెంటు రాగానే మోటారును వాటంతటవే వేసే ఆటో స్టార్టర్లు అంతగా అమ్ముడుపోయాయి. లోపల ఏముందని ఎవరూ అడగలేదు, “రాత్రి పోకుంట నడుస్తదా?” అన్నదొక్కటే ప్రశ్న.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది, ఎందుకంటే కరెంటు పోకుండా ఉంటే అవి మోటారును రాత్రింబవళ్లు నడిపి బోరును ఎండబెడతాయి. పెట్టెలో ఒక్క తీగ మారకపోయినా మన దుకాణంలోని సరుకు అటకెక్కింది. రైతు అవసరం మారిందని నేను ఆలస్యంగా గ్రహించాను. ఆ అట్టపెట్టెల మీద పుస్తకాలు పెట్టుకునే నువ్వు ఇంటర్ పరీక్షలకు చదివావు, గుర్తుందా?

ఇప్పుడు దుకాణానికి వచ్చేవాడి భయమంతా మోటారు కాలిపోవడం గురించే. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు గుర్రుమంటూ వేడెక్కి వైండింగు, అంటే లోపలి తీగ చుట్ట, కాలుతుంది, బోరులో నీళ్లు అడుగంటినా అంతే. కాలిందంటే పైపు తరువాత పైపు విప్పుతూ దాన్ని పైకి తీయాలి, వైండింగు చేయించాలి, మళ్లీ దింపాలి; మేస్త్రీ తీరికను బట్టి రోజులు పడుతుంది, ఈలోగా పొట్టకొచ్చిన వరి బెట్టకు వస్తుంది. ఫేజు పోయినా, నీళ్లు తగ్గినా మీ స్టార్టరు మోటారును ఆపేస్తుందన్న సంగతి నీ కాగితంలో ఏడో వరుసలో చిన్న అక్షరాల్లో ఉంది. అదే మొదటి వరుసలో ఉండాలి. ధరను కూడా పక్క కంపెనీ స్టార్టరుతో కాకుండా, ఒకసారి వైండింగు చేయించడానికి అయ్యే ఖర్చుతో పోల్చి చూపించు.

అయితే ‘రైతులందరికీ’ అని రాయకు. మామిడి తోట ఇక్కడ ఉండి తాను హైదరాబాదులో ఉద్యోగం చేసుకునేవాడికి ఫోనుతో మోటారు వేయడం నిజంగా కావాలి, ఇంటి వెనకే బావి ఉన్నవాడికి ఆ పని పక్కింటి పిల్లవాడు చేసిపెడతాడు. కౌలు రైతు, మోటారు యజమానిది కాబట్టి, దాని మీద ఖర్చు పెట్టడానికి వెనకాడతాడు. మన వైపు కొన్ని ఇళ్లలో మోటారు వేసేది ఆడవాళ్లు, ఫోను మాత్రం మగవాళ్ల జేబులో ఉంటుంది. వీరిలో ఎవరి కోసమో ముందు తేల్చుకో. స్టార్టరులోని సిమ్ముకు ఏటా రీచార్జి ఎవరు చేయిస్తారో కూడా కాగితంలో ఎక్కడా లేదు, రైతు మొదట అడిగేది బహుశా అదే.

వచ్చే ఆదివారం రా. వైండింగు మేస్త్రీ దగ్గరికి పోదాం, అక్కడ కాలిన మోటార్లు వరుసగా పడి ఉంటాయి. వాటిని తెచ్చినవారి దగ్గర నీ యంత్రం ఊసెత్తకుండా, ఎట్లా కాలింది, అప్పుడు మీరు ఎక్కడున్నారు, ఎంత ఖర్చయింది అని మాత్రమే అడిగి, వాళ్ల మాటలను వాళ్లు చెప్పినట్టే రాసుకో. ఆ తరువాతే నీ మొదటి వాక్యాన్ని తిరగరాద్దాం.

పొద్దుటి రైలుకే బయలుదేరు. అమ్మ సకినాలు చేస్తానంటోంది.

మీ నాన్న